పై నుంచి దిగిన పులుపు

ముప్ఫై ఏడేళ్ళ మనిషి విరమణ అనుభవాలు రాయడమేమిటని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్నను నేను గౌరవిస్తాను. డిగ్రీ కళాశాలలో మూడేళ్ళు చర్చా పోటీలకు తిరిగిన దాన్ని. వాదనకు దిగే ముందు పదాలకు నిర్వచనం చెప్పుకోవాలని మాకు నేర్పారు. విరమణ అంటే ముసలితనం కాదు. చేయడానికి ఆ పని మిగలకపోవడం. మహబూబ్‌నగర్‌లో నేను పనిచేసిన ఉదరకోశ వైద్యశాలను మా డాక్టరు గారు వయసు మీదపడి మూసేశారు. నేను నడిపిన యంత్రాన్ని హైదరాబాద్ వాళ్ళు కొనుక్కుపోయారు. ఆ యంత్రాన్ని నడపడమే నా వృత్తి కనుక, అదీ నేనూ ఒకే రోజు రిటైరయ్యాము. దానికి కొబ్బరికాయ కొట్టి సాగనంపారు. నాకు శాలువా కప్పారు.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు చేరి, దాదాపు పదేళ్ళు మనుషుల లోపలి పులుపును కొలిచాను. ఇప్పుడు ఇంటర్ పిల్లలకు రసాయనశాస్త్రం చెబుతున్నాను. టెక్నీషియన్ కోర్సు చదువుతున్న పాత విద్యార్థులు కొందరు, "ఆ పని నిజంగా ఎట్లుంటది మేడం?" అని అడుగుతుంటారు. వాళ్ళ కోసం ఇది. జీతం ఎప్పుడు పెరిగిందో, ఏ ధ్రువపత్రం ఎప్పుడు వచ్చిందో ఇందులో ఉండదు. మూడు తప్పులుంటాయి. మూడూ నావే.

గోడ మీది పట్టిక

చేరిన కొత్తలో నాకు పని తక్కువ, ఉత్సాహం ఎక్కువ. పులుపును కొలిచే రంగు కాగితాలు వైద్యశాలలో కట్టలు కట్టలుగా ఉండేవి. పీహెచ్ అనే ఆ కొలత సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మంచినీళ్ళకు ఏడు ఉంటుంది. అంకె తగ్గిన కొద్దీ పులుపు పెరుగుతుంది. ఒక్క అంకె దిగితే పులుపు పదింతలవుతుంది. ఆ కాగితాలతో నేను పాలమూరు తినే సమస్తాన్నీ కొలవడం మొదలుపెట్టాను. నిమ్మరసం రెండు దగ్గర ఆగింది, పచ్చిపులుసు మూడు దగ్గర. పెరుగు, పులిసిన జొన్న అంబలి నాలుగు దాటాయి. చాయ్, పాలు ఆరు దాటాయి. నల్లటి కూల్‌డ్రింకు మాత్రం నిమ్మకాయ పక్కనే వచ్చి కూర్చుంది. అందులోని చక్కెర ఎంత పులుపును దాచగలదో ఆ రోజే తెలిసింది.

వైద్యశాలకు వచ్చే ఒక గీత కార్మికుడు తన కల్లును నేను అనుమానిస్తున్నానని విని, పొద్దున దించిన తాటికల్లును ఒకసారి, అదే కల్లును సాయంత్రం మరోసారి తెచ్చి నా ముందు పెట్టాడు. పొద్దున ఆరు దాటి చూపించిన కాగితం సాయంత్రానికి నాలుగు దగ్గర రంగు మారింది.

"నేనేం కలపలే మేడం," అన్నాడాయన. "కల్లే గట్ల మారుతది. మనిషి గూడ పొద్దుగాల ఒక తీరు, మాపటికి ఒక తీరు ఉంటడు గదా. కల్లునొక్కదాన్నే ఎందుకంటరు?"

ఆ వాదనకు నేను మార్కులు వేశాను గాని పట్టికలో చోటివ్వలేదు. డాక్టరు గారు ఊళ్ళో లేని ఒక వారంలో అట్ట మీద అన్నిటినీ వరుసగా రాసి, అయిదు దగ్గర ఎర్రగీత కొట్టి, "ఈ గీతకు దిగువనున్నవి మంటగల వారు తినరాదు" అని ప్రకటించి గోడకు తగిలించాను. వచ్చిన వాళ్ళందరూ ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. నాకు ఎంతో గర్వంగా ఉండింది.

డాక్టరు గారు తిరిగొచ్చి పట్టికను మొదటి నుంచి చివరి దాకా చదివారు. తరువాత నన్ను పిలిచారు.

"స్వరూపా, కడుపుల ఊరే ఆమ్లం ఎంతుంటది?"

"ఒకటిన్నర నుంచి రెండు, సార్."

"పచ్చిపులుసు?"

"మూడు."

"రెండున్న దాంట్ల మూడున్నది పోస్తే పులుపు పెరుగుతదా, తగ్గుతదా?"

"తగ్గుతది సార్."

"చార్టు దింపు," అన్నారాయన. "ఆ జాగల క్యాలెండర్ పెట్టు. అదొక్కటే గోడ మీద తప్పు చెప్పదు."

ఆ తరువాత ఆయన చెప్పినదాన్ని నేను పదేళ్ళు వందలాది మందికి చెప్పాను. తిండిలో ఉన్న పులుపు కన్నా, ఆ తిండిని చూసి కడుపు ఎంత ఆమ్లం ఊరిస్తుందనేది ముఖ్యం. కడుపుకు, అన్నవాహికకు మధ్య ఉండే మూతి గట్టిగా బిగుసుకుని ఉందా, నూనెకు, చాయ్‌కి, సిగరెట్‌కు, సారాకు సడలిపోతోందా అన్నది ఇంకా ముఖ్యం. తిన్న ఎంతసేపటికి నడుము వాలుస్తున్నారన్నది అన్నిటికన్నా ముఖ్యం. మంటకు చల్లటి పాలు తాగితే కాసేపు హాయిగానే ఉంటుంది. తరువాత ఆ పాలను అరిగించడానికే కడుపు మరింత ఆమ్లం ఊరిస్తుంది. వంటసోడా కలిపిన నీళ్ళు ఆమ్లాన్ని విరుస్తాయి, ఒక పెద్ద త్రేన్పునిస్తాయి. ఆ త్రేన్పునే చాలామంది వైద్యం అనుకుంటారు.

పట్టిక దిగినా దాని ఫొటోలు ఊళ్ళు తిరిగాయి. రెండు నెలల తరువాత ఒక అవ్వ వచ్చింది, మొహం పీక్కుపోయి. "నీ కాయితం జూసి అంబలి బంద్ జేసిన బిడ్డా. పచ్చిపులుసు బంద్ జేసిన. పాలు, బ్రెడ్డు తింటున్న. మంటయితే తక్కువ గాలే. తాకతు తక్కువైంది." ఆమెకు అంబలి తిరిగి ఇప్పించడానికి నాకు గంట పట్టింది. కాగితం మీదున్నది కొట్టేయడం తేలిక, మనిషి మనసులో పడ్డది కొట్టేయడం కష్టం. ఇది మొదటి తప్పు.

ముక్కులోని తీగ

డాక్టరు గారికి ఒక పట్టింపు ఉండేది. మా జిల్లాలో ఎవరికి ఎక్కడ నొప్పి వచ్చినా మొదట గ్యాస్ గోలీ మింగుతారు. నిజంగా ఆమ్లం పైకి తన్నుతోందో లేదో కొలిచినవాడు లేడు. కొలవకుండా ఏళ్ళ తరబడి మందు రాయడం తప్పని ఆయన నమ్మేవారు. అందుకే హైదరాబాద్‌లో పెద్ద ఆసుపత్రుల్లో ఉండే యంత్రాన్ని మహబూబ్‌నగర్‌కు తెచ్చారు.

సేమ్యా కన్నా కాస్త లావుండే మెత్తటి తీగను ముక్కులో నుంచి అన్నవాహికలోకి దించుతాము. తీగకు రెండు చోట్ల పులుపును పసిగట్టే కొసలుంటాయి: ఒకటి కడుపు మూతికి కొంచెం పైన, ఇంకొకటి ఛాతీలో బాగా ఎగువన. తీగ రెండో చివర నడుముకు వేలాడే చిన్న పెట్టెకు కలుస్తుంది. రోగి ఇంటికి వెళ్ళిపోయి, ఒక రాత్రి ఒక పగలు మామూలుగా బతికి, మర్నాడు తిరిగి వస్తాడు. అంతసేపూ లోపల పీహెచ్ ఎన్నిసార్లు నాలుగు కిందికి పడిందో పెట్టె రాసుకుంటుంది. ఏం తిన్నదీ, ఏం తాగిందీ, ఎప్పుడు పడుకున్నదీ రోగి ఒక పుస్తకంలో రాసుకోవాలి. తింటున్నప్పటి పులుపును యంత్రం లెక్కలోంచి తీసేస్తుంది. పుస్తకంలో లేని పులుపంతా కడుపులోంచి పైకి తన్నినదే అనుకుంటుంది. ఈ చివరి వాక్యాన్ని గుర్తుంచుకోండి.

మొదట్లో జనం పరీక్షకు తలస్నానం చేసి వచ్చేవారు. ఒక బడిపంతులు ఆ రోజంతా పెరుగన్నం తప్ప ఏమీ ముట్టుకోలేదు. ఎందుకని అడిగితే, "పరీక్ష అన్నంక పాస్ గావాలె గదమ్మా," అన్నారు. అప్పటి నుంచి పెట్టె కట్టే ప్రతి ఒక్కరికీ ఒకటే మాట చెప్పేదాన్ని: రోజూ తినేదే తినండి, రోజూ చేసే పనే చేయండి. అంతకన్నా స్పష్టమైన సూచన ఉండదని నా అభిప్రాయం.

బాలకిష్టమ్మ

కల్వకుర్తి దగ్గరి పల్లె నుంచి బాలకిష్టమ్మ అనే ఆమె వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. అయిదేళ్ళుగా గుండెల్లో మంట. గోలీలు పనిచేయలేదు, కెమెరా వేసి చూస్తే పెద్దగా పుండు కనబడలేదు. తోడుగా ఆమె తోడికోడలు పార్వతమ్మ వచ్చింది. పార్వతమ్మ వాళ్ళ ఊరి మహిళా సంఘానికి అధ్యక్షురాలు, చదవనూ రాయనూ వచ్చు, ఆ సంగతి మనం మరిచిపోకుండా చూసుకునే మనిషి.

తీగ చూసి బాలకిష్టమ్మ వెనక్కి జరిగింది. "గిది పాము పిల్ల లెక్కున్నది బిడ్డా. ముక్కులకెల్లి పోతే మళ్ల ఏడికెల్లి వస్తది?"

"ముక్కులకెల్లే వస్తదమ్మా."

"లోపల్నే ఉండిపోతే?"

"ఉండిపోతే మంచిదే అక్కా," అంది పార్వతమ్మ. "నీ కడుపుల ఏమున్నదో ఊరికి ఎర్కయితది. గిన్నేండ్ల సంది నాకే ఎర్కయితలేదు."

సాయంత్రం కట్టి పంపిన పెట్టె మర్నాడు రాత్రి తిరిగి వచ్చింది. దాని పట్టీ, బొత్తాములు బంకబంకగా ఉన్నాయి. కొంచెం విసుక్కుని స్పిరిట్‌తో తుడిచేశాను. పుస్తకం తెరిస్తే విసుగు పోయింది. పార్వతమ్మ దాన్ని సంఘం సమావేశాల పద్ధతిలో రాసింది.

"రాత్రి ఎనిమిది గంటలకు శ్రీమతి బాలకిష్టమ్మ గారు అన్నం, పప్పు స్వీకరించడమైనది. పిదప విశ్రాంతి. ఉదయం ఆరు గంటలకు సభ్యుల సమక్షంలో చాయ్. మధ్యాహ్నం ఒంటిగంటకు జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ తీసుకొనుట జరిగినది. ఎవరూ అభ్యంతరం తెలుపలేదు. ఇంతటితో ముగిసినది." కింద పార్వతమ్మ సంతకం, ఇద్దరు సభ్యుల వేలిముద్రలు.

నా ఉద్యోగంలో అంత క్రమశిక్షణ గల పుస్తకం మరొకటి చూడలేదు. అందుకే దాన్ని అనుమానించాలని తోచలేదు. కంప్యూటర్ లెక్క కట్టి మొదటి పేజీలో మొత్తం చూపించింది. హద్దుకు ఎన్నో రెట్లు ఎక్కువ. "పరీక్ష నియమానుసారం జరిగినది" అన్న వరుస కింద నేను సంతకం చేశాను. లోపలి పేజీల్లో ఉన్న గీతలు చూడలేదు. రెండో తప్పు ఇదే. పిల్లలూ, మొదటి పేజీ యంత్రం రాస్తుంది, సంతకం మనిషి చేస్తాడు. ఆ రెంటికీ మధ్య ఉన్న పేజీలను తిప్పి చూడడమే మన ఉద్యోగం.

నా సంతకం మీద నమ్మకంతో డాక్టరు గారు, కడుపు మూతి సడలిపోయిందనీ, మందులతో లాభం లేదు గనుక హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి దాన్ని బిగించాలనీ చెప్పారు. ఉగాది తరువాతి వారానికి తేదీ కుదిరింది.

"మిషినే చెప్పినంక నేనేం చెప్త," అంది బాలకిష్టమ్మ. "కోయమనుండ్రి. గని సార్, మళ్ల కూసొని పని చేసుకుంటనా?"

"కొన్ని నెలలు పడతది," అన్నారు డాక్టరు గారు.

ఆమె తన చేతులు చూసుకుంది. వేళ్ళు ముదురు గోధుమ రంగులో ఉన్నాయి. నేను అదీ చూశాను. చూసి, ఏమీ అడగలేదు.

గీతలు

హైదరాబాద్ సర్జన్‌కు పంపడానికి గీతలన్నీ పెద్దవిగా అచ్చు తీయాల్సి వచ్చినప్పుడు, మొదటిసారి వాటిని తీరిగ్గా చూశాను. పొద్దున ఎనిమిది నుంచి పన్నెండున్నర దాకా కొద్ది నిమిషాలకొకసారి పులుపు పడుతోంది. భోజనం తరువాత కాస్త విరామం. రెండింటి నుంచి సాయంత్రం దాకా మళ్ళీ అదే వరస. రాత్రి పడుకున్నాక, నిజమైన రోగికి అన్నిటికన్నా ఎక్కువ తన్నవలసిన వేళ, గీత చలనం లేకుండా నిద్రపోయింది. ఆఫీసు వేళలు పాటించే ఆమ్లాన్ని నేను అంతకుముందు చూడలేదు.

అంతకన్నా వింత మరొకటుంది. ఆమ్లం కడుపులోంచి తన్నితే కింది కొస ముందు పసిగట్టాలి, పై కొస తరువాత. ఇక్కడ ప్రతిసారీ పై కొస ముందు పడింది, కొన్ని క్షణాలకు కింది కొస.

ఎదుటి పక్షాన్ని ఖండించే ముందు మన పక్షంలో బొక్కలు వెతుక్కోవాలని చర్చా పోటీల్లో నేర్పారు. తీగలు తారుమారుగా కలిపానేమోనని అనుమానించి, అదే తీగను కొలత తెలిసిన ద్రావణాల్లో ముంచి చూశాను. సరిగ్గానే ఉంది. అంటే ఆమె ఆమ్లం పైకి ఎక్కలేదు, పై నుంచి కిందికి దిగింది. ఆమె రోజంతా ఏదో పుల్లటిది మింగుతూనే ఉంది. అప్పుడు బంక పట్టిన పట్టీ గుర్తొచ్చింది.

డాక్టరు గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన ఓపిగ్గా విన్నారు. అది మంచి సూచన కాదు.

"రోజంత ఏదన్న తింటే పుస్తకంల ఉండేది గదా?"

"పుస్తకం తప్పు కావచ్చు సార్."

"సంతకం నీదే గదా?"

"సంతకం గూడ తప్పే సార్."

"నువ్వు టెక్నీషియన్‌వా, ప్రతిపక్షమా?" అని ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "తేదీ కుదిరింది. రద్దు చేయించాల్నంటే అనుమానం సరిపోదు. రుజువు పట్టుకరా."

ఉగాదికి పదకొండు రోజులున్నాయి. ఆదివారం నేను కల్వకుర్తి బస్సెక్కాను.

పని

మాది హుజూర్‌నగర్ వైపు, వరి పండే నేల. చింతపండును కొట్లో కొనుక్కోవడమే గాని దాని వెనక ఎంత పని ఉంటుందో నాకు తెలియదు. ఆ ఊళ్ళో ఒక రేకుల పందిరి కింద ఎనిమిది మంది ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. పెంకు ఒలిచిన చింతపండును చెక్క మీద పెట్టి చిన్న ఇనుప కడ్డీతో ఒక్క దెబ్బ కొడితే గింజ ఎగిరి పడుతుంది. ఈనెలు లాగి, గుజ్జును ముందున్న రెండు బుట్టల్లో ఒకదానిలో వేస్తారు. మధ్యలో ఒక మూకుడులో గల్లుప్పు.

"రా బిడ్డా," అంది బాలకిష్టమ్మ చెయ్యి ఆపకుండానే. "గింత దూరం వచ్చినవ్, మిషిన్ ఇంకేమన్న ఎక్వ చెప్పిందా?"

పక్కన కూర్చున్నాను. ఊరి కబుర్లు చెబుతూ ఆమె కొడుతోంది, లాగుతోంది, మధ్య మధ్య గుజ్జులోంచి ఒక పోగు తీసి ఉప్పులో అద్ది నోట్లో వేసుకుంటోంది. చాయ్ వచ్చేలోగా తొమ్మిదిసార్లు లెక్కపెట్టాను.

"అమ్మా, పొద్దుగాల సంది ఏం తిన్నవ్?"

"ఏం తినలే. చాయ్ తాగిన, గంతే."

"ఇప్పుడు నోట్ల ఏమున్నది?"

ఆమె నాలుకను నోరంతా తిప్పి వెతికింది. నిజంగానే ఆశ్చర్యపోయినట్టు చూసింది. "గిదా? గిది పని బిడ్డా. ఒక్క చెట్టుది ఒక్క తీరుంటది. హోటళ్ళకు నిమ్మ లెక్క పుల్లగున్నది గావాలె, ఇండ్లకు జర తీపున్నది గావాలె. నోట్లేసుకుంటేనే ఎర్కయితది ఏ బుట్టల ఎయ్యాల్నో. సావుకారి నా నాలికెను జూసే మాకు సరుకిస్తడు."

"అది మింగుతవా?"

"ఉమ్మెయ్యమంటవా, బంగారమసొంటి పండును?"

నేను పార్వతమ్మ వైపు తిరిగాను. "పుస్తకంల ఇదెందుకు రాయలేదమ్మా?"

ఆమె కడ్డీ కింద పెట్టి నడుము నిటారు చేసింది. "తిన్నది రాయమన్నరు, రాసిన. పని రాయమన్నరా? బస్సు డ్రైవర్‌ను ఏం తిన్నవని అడిగితే స్టీరింగ్ అని రాస్తడా?"

ఎనిమిది మందీ నవ్వారు. నవ్వు ఆగాక అక్కడే ఇంకొకటి బయటపడింది. రోజంతా కూర్చుని నడుము పట్టేస్తుందని, ఊళ్ళో సూదిమందు వేసే ఆయన ఇచ్చిన నొప్పి గోలీని బాలకిష్టమ్మ రోజూ పొద్దున ఉత్త చాయ్‌తో మింగుతోంది. ఖాళీ కడుపులో ఆ గోలీ, దాని మీద పూటంతా చింతపండు. ఆ సంగతి డాక్టరు గారికి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఆయన కడుపు డాక్టరు గదా. నడుం ముచ్చట ఆయనకెందుకు?"

సార్ ముందు

రుజువుకు సులువైన దారి, ఈసారి చింతపండు లేకుండా ఆమెకే మళ్ళీ పరీక్ష చేయడం. బాలకిష్టమ్మ ఒప్పుకోలేదు. "ఇంకోపారి గా పామును పట్టుకస్తే నేను ఆపరేషనే చేయించుకుంట," అంది. కనుక ఒక దారే మిగిలింది. పార్వతమ్మ రెండు బుట్టల్లోంచీ గుప్పెడు గుప్పెడు చింతపండు కట్టి ఇచ్చింది.

సోమవారం పొద్దున డాక్టరు గారికి ఊళ్ళో చూసినదంతా చెప్పి, ఆయన గదిలోనే కూర్చుని తీగను నా ముక్కులో దించుకున్నాను. అంతకుముందు కొన్ని వందల మందికి, "ఏం కాదు, మెల్లగ మింగుండ్రి," అని చెప్పిన దాన్ని. ఏం కాదన్నది అబద్ధమని ఆ రోజే తెలిసింది. కళ్ళ నుంచి, ముక్కు నుంచి నీళ్ళు ధారగా కారాయి. ఈ రంగంలోకి వచ్చే ప్రతి ఒక్కరూ ఒకసారైనా ఆ తీగ మింగాలని నేను గట్టిగా ప్రతిపాదిస్తాను.

తెర మీద రెండు గీతలు ఆరు దగ్గర తిన్నగా నడుస్తున్నాయి. ఒక పోగు ఉప్పులో అద్దుకుని నోట్లో వేసుకున్నాను. చప్పరించి మింగాను. పై గీత ధబాలున మూడు దగ్గరికి పడింది. నేను వేళ్ళు చూపిస్తూ లెక్కపెట్టాను. అయిదో వేలికి కింది గీత పడింది. మళ్ళీ వేసుకున్నాను. మళ్ళీ పైది ముందు, కిందిది తరువాత. బాలకిష్టమ్మ అచ్చు కాగితాన్ని తెర పక్కన పట్టాను. రెంటినీ పక్కపక్కన పెడితే అక్కాచెల్లెళ్ళలా ఉన్నాయి.

డాక్టరు గారు చాలాసేపు చూశారు. తరువాత పొట్లంలోంచి ఒక పోగు తీసుకుని తానూ నోట్లో వేసుకున్నారు. కళ్ళు చిట్లించారు. "హోటల్ బుట్టల్దా?"

"అవును సార్."

ఆయన ఫోన్ తీసి హైదరాబాద్‌కు చేశారు. తేదీ రద్దయింది. నివేదిక మీద నా సంతకాన్ని నేనే కొట్టేసి, పక్కన కారణం రాశాను. అంతకన్నా హాయిగా ఏ సంతకమూ చేయలేదు.

తీగ తీయడానికి చెయ్యెత్తితే ఆయన వారించారు. "పెట్టుకున్నవ్ గదా, రేపటి దాక ఉంచుకో. పరీక్ష పూర్తిగాకుండ అభిప్రాయం చెప్పొద్దని నువ్వే అంటవు."

మర్నాడు నా గీతలు అచ్చయ్యాయి. కింది కొస ముందు, పై కొస తరువాత. అనుమానమేమీ లేని అసలైన మంట, ముఖ్యంగా రాత్రి తిన్న వెంటనే పడుకుని ఫోన్ చూసిన గంటలో. డాక్టరు గారు నా పుస్తకం తెరిచారు.

"చాయ్ నాలుగుసార్లని రాసినవ్."

"అవును సార్."

"నీ బల్ల కింద ఏడు కప్పులున్నయ్."

"మిగతా మూడు తాగినవి కావు సార్," అన్నాను. "పేషెంట్ల భయం పోగొట్టడానికి వాళ్ళతోని కూసొని..." అక్కడ ఆగిపోయాను. వాక్యం ఎటు పోతోందో నాకే వినబడింది.

"చెప్పు," అన్నారాయన. "అది పని అంటవు."

ఇది మూడో తప్పు.

సభ్యుల సమక్షంలో

నొప్పి గోలీ మానిపించి, నడుముకు వేరే మందూ వ్యాయామమూ చెప్పి, పొద్దున రొట్టె తిన్నాకే చింతపండు దగ్గర కూర్చోవాలని, రుచి చూసింది ఒక డబ్బాలో ఉమ్మేయాలని డాక్టరు గారు బాలకిష్టమ్మకు చెప్పారు. ఉమ్మడానికి ఆమె మనసు ఒప్పుకోలేదు. రొట్టెకు మాత్రం ఒప్పుకుంది. ఆ బేరంతోనే సరిపెట్టుకున్నాము.

ఎండాకాలం చివర తోడికోడళ్ళిద్దరూ వచ్చారు. "మంటెట్లున్నదమ్మా?" అని అడిగాను.

"జరంత ఉన్నది. పండుగకొచ్చిన సుట్టం లెక్క వచ్చి పోతాంది. ఇదివరకైతే ఇల్లరికమే వచ్చి కూసునేది." ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. "గని కత్తి తప్పింది బిడ్డా. రోజు కూసొని పని చేసుకుంటున్న."

నేను కొత్తగా అచ్చు వేయించిన పుస్తకం చూపించాను. "ఏం తిన్నారు?" అనే వరుస తీసేశాను. దాని చోట, "పొద్దుటి నుంచి మీ నోట్లోకి ఏమేం వెళ్ళాయి? పనిలో భాగంగా, మాటల్లో, మరిచిపోయి వేసుకున్నవి కూడా" అని పెట్టాను. మా దగ్గరికి వచ్చే వాళ్ళలో వంటవాళ్ళు ఉప్పు చూస్తారు, మిర్చి బజ్జీలవాడు కాగే నూనె ముందు రోజంతా పిండి రుచి చూస్తాడు, అడ్డా కూలీ ఆకలి చంపడానికి తంబాకు పెట్టుకుంటాడు. ఎవ్వరూ వాటిని తిండి అనరు. ఆ వరుస మార్చిన తరువాత నా యంత్రం అంతకుముందు కన్నా తెలివైనదైంది.

పార్వతమ్మ ఆ పేజీని అధ్యక్షురాలి శ్రద్ధతో చదివి తల ఊపింది. "ఇప్పుడు సక్కగున్నది. ముందే గిట్ల అడిగితే మేం గిట్లనే చెప్పెటోళ్ళం."

బాలకిష్టమ్మ మాత్రం నా చేతికేసి చూస్తోంది. ఆమెకు ధైర్యం చెప్పడానికని నేను మూడో కప్పు చాయ్ తెప్పించుకుని ఉన్నాను. నా ఏడు కప్పుల కథ డాక్టరు గారు తన గదికి వచ్చిన ప్రతి రోగికీ చెప్పారని నాకు ఆ తరువాత తెలిసింది.

"బిడ్డా," అంది ఆమె మెల్లగా, "గది తాగుడా, పనా?"

మూడేళ్ళు చర్చా పోటీల్లో గెలిచిన కప్పులు మా ఇంట్లో అల్మారా నిండా ఉన్నాయి. చేతిలో ఉన్న ఈ కప్పును కింద పెట్టి, సొరుగులోంచి నా సొంత పుస్తకం తీసి, ఆమె చూస్తుండగానే రాశాను: ఉదయం పదకొండు గంటలకు చాయ్.

పార్వతమ్మ నా భుజం మీది నుంచి వంగి చూసింది.

"సభ్యుల సమక్షంలో అని గూడ రాయుండ్రి మేడం," అంది.